అమాస నింపు, చంద్రుడి మట్టి

"ఇన్నేళ్ల నుంచి చేస్తున్నాం, ఏమీ కాలేదు కదా" అనే మాట మీరు చివరిసారి ఎప్పుడన్నారు? ఎవరి నోరు మూయించడానికి అన్నారు? ఆ ఇన్నేళ్లలో మీ చేతిలోని వస్తువు మారిపోయిందేమో ఒక్కసారైనా చూసుకున్నారా?

ఆ మాట నేను గుండెల దాకా మట్టిలో కూరుకుపోయి ఉండగా నా నెత్తి మీదుగా విన్నాను. జవాబు చెప్పడానికి కావలసినంత ఊపిరి లేదు. అందుకే ఇప్పుడు రాస్తున్నాను.

పటాన్‌చెరు పారిశ్రామికవాడలో ఒక రాతిపొడి యూనిట్‌లో నమూనాలు పరీక్షించడం నా పని. ఒకవైపు నుంచి రాళ్లు వస్తాయి, ఇంకోవైపు పొడి సంచుల్లో బయటికి పోతుంది. మధ్యలో రాళ్లు పగలగొట్టే యంత్రాలు, జల్లెడలు. చివర హాపర్, అంటే ఇద్దరు మనుషుల ఎత్తు ఉండే ఇనుప గరాటు. పైనుంచి పొడి పడుతుంది, కింద చిన్న గేటు తీస్తే సంచిలోకి దిగుతుంది. యూనిట్ మొదలైనప్పటి నుంచి అందులో నిండింది పలుగురాయి ఇసుక. నీళ్లు వడకట్టే ట్యాంకుల్లో పోస్తారే, అది. గింజకు గింజ విడివిడిగా, చక్కెర పలుకుల్లా ఉంటుంది. గేటు తీస్తే నీళ్లలా దిగుతుంది.

తర్వాత చంద్రుడి మట్టి ఆర్డరు వచ్చింది.

చంద్రుడి మీద బండి నడపాలనుకునేవాళ్లు ముందు భూమ్మీద దాని చక్రాలు ఎంత దిగబడతాయో చూసుకోవాలి. అక్కడి నుంచి తెచ్చిన అసలు మట్టి చేతికి అందేంత లేదు. అందుకని దానికి దగ్గరి పోలికలున్న రాయిని వెతికి, పిండి చేసి, ఏ సైజు గింజ ఎంత పాలు ఉండాలో అంత కలిపి నకిలీ మట్టి చేస్తారు. ఒక పరిశోధన సంస్థ ఆ పని మాకు అప్పగించింది. ముతక గింజ విడిగా, మెత్తని పొడి విడిగా పంపాలి. కలపడం వాళ్ల దగ్గర. రెండింటినీ పరీక్షించి పంపడం నా వంతు.

మా దగ్గర సంచులు కుట్టే అక్క దానికి చందమామ పిండి అని పేరు పెట్టింది. మొదటి రోజు గుప్పెడు తీసి చూసి, "సార్, గీ పిండితోని ఆడ రొట్టెలు జేస్తరా ఏంది?" అంది. చెయ్యి దులుపుకుంది. పోలేదు. కొంగుకు తుడుచుకుంది. కొంగుకూ అంటింది, చేతికీ మిగిలింది. "అబ్బ, అప్పులోళ్ల లెక్క పట్టుకున్నదేంది ఇది" అని నవ్వింది. ఆ మెత్తని పొడి గుణమంతా ఆ మాటలోనే ఉంది. నాకు యంత్రాలు పెట్టి చూస్తేగాని నమ్మకం కలగదు, చూశాను.

మా ల్యాబ్‌లో రెండు ముక్కలుగా విడిపోయే ఇనుప పెట్టె ఉంది. మట్టి నింపి, పైన బరువు పెట్టి, పై ముక్కను కదలకుండా పట్టి కింది ముక్కను పక్కకు లాగుతాం. మట్టి ఎంత మొండికేస్తే అంత బలం పడుతుంది. ముతక గింజకు పై బరువు తగ్గిస్తూ పోతే దాని మొండితనమూ తగ్గుతూ పోయేది. గింజలు ఒకదాన్నొకటి ఒరుసుకోవడమే దాని బలం. బరువు లేకపోతే ఒరిపిడీ దాదాపు ఉండదు. మెత్తని పొడి అట్లా కాదు. బరువు బాగా తగ్గించినా కొంత పట్టు మిగిలి ఉండేది. అది గింజలు ఒకదానికొకటి అంటుకున్న పట్టు. గింజ ఎంత చిన్నదైతే దాని బరువు అంత తక్కువ. ఆ బరువుతో పోల్చితే అంటుకునే గుణం పెద్దదవుతుంది. పైగా చంద్రుడి మీద గాలీ నీళ్లూ లేవు, గింజల మొనలు అరగవు. అందుకని మేమూ మొనదేలిన గింజే చేశాం. మొనలు ఒకదాంట్లో ఒకటి చిక్కుకుంటాయి.

యంత్రం లేకుండా కూడా చూడవచ్చు. ఒక గ్లాసులో ముతకది, ఇంకో గ్లాసులో మెత్తనిది నొక్కి నింపి, పళ్లెంలో బోర్లించి, గ్లాసులు ఎత్తండి. ముతకది కుప్పగా జారిపోతుంది. మెత్తనిది గ్లాసు ఆకారంలోనే నిలబడుతుంది. రాయి ఒకటే. గింజ మారింది, స్వభావం మారింది.

ఆ పొడికి ఇంకో గుణం ఉంది. కదపకుండా ఉంచితే తన బరువుకు తానే బిగుసుకుంటుంది. వానకాలపు గాలిలోని తేమ తోడైతే మరీ. అట్లా బిగిసిన పొడి హాపర్‌లో ఉందనుకోండి, కింద గేటు తీస్తే కొంత దిగి ఆగిపోతుంది. పైభాగం కప్పులా నిలబడుతుంది. పైనుంచి చూసేవాడికి చదునైన నేల. ఆ నేల కింద గుహ.

ఇక మా ఆచారం సంగతి.

మా యజమానిది కోస్తా వైపు. వాళ్ల నాన్న ఇక్కడి పెద్ద ఫ్యాక్టరీలో ఉద్యోగానికి వచ్చి, రిటైరై, ఈ యూనిట్ పెట్టాడు. అమావాస్యనాడు హాపర్ వెలితిగా ఉండకూడదని నియమం పెట్టింది ఆయనే. అంచుదాకా నింపాలి. గేటు మూసి పసుపు రాయాలి. సాయంత్రం వాకిట్లో బూడిద గుమ్మడికాయ పగలగొట్టాలి. మర్నాడు పొద్దున హారతి అయ్యేదాకా కింద నుంచి గుప్పెడు కూడా తీయకూడదు. మా వాళ్లు దాన్ని అమాస నింపు అనేవాళ్లు. పలుగురాయి ఇసుక నడిచినన్నాళ్లు ఆ ఆచారం ఎవరికీ హాని చేయలేదు. ఇసుకను నెలంతా నింపి ఉంచినా ఇసుకే. గేటు తీయగానే గలగలా దిగేది. యజమాని దాన్ని శుభం అనుకున్నాడు. నిజానికది గింజ సైజు చేసిన మేలు.

చందమామ పిండి వచ్చాక నేను చెప్పాను. ఈ పొడిని నింపి నిలవ ఉంచవద్దు, బిగుసుకుంటుంది, లోపల గుహ కడుతుంది అన్నాను. ఆయన కుర్చీ చూపించి, టీ తెప్పించి, ఎంతో మర్యాదగా అన్నాడు: "మాస్టారూ, మీ లెక్కలు మీవి, కాదనను. కానీ ఇన్నేళ్ల నుంచి చేస్తున్నాం, ఏమీ కాలేదు కదండీ."

పంపే ప్రతి సరుకుకూ పైభాగం నుంచి ఒక నమూనా, కింద నుంచి ఒక నమూనా తీయాలి. పైదానికి నిచ్చెనెక్కి, అంచు దాటి, పొడి మీద నిలబడి గొట్టం గుచ్చి తీయడం మా అలవాటు. పైనుంచే తీసేలా పొడుగాటి గొట్టం అడిగాను, రాలేదు. నాకున్న కాపలా ఒక్క ప్రశ్నే. దిగే ముందు ఆపరేటర్‌ను అడిగేవాణ్ణి: "భాయ్, కింద ఏమన్న తీసినవా?" తీశానంటే దిగేవాణ్ణి కాదు. లేదంటే దిగేవాణ్ణి. నడుముకు తాడు లేనివాడికి ఆ ప్రశ్నే తాడు.

భాయ్ పక్కనున్న ఇంద్రేశం ఊరి మనిషి. నాకంటే ముందు నుంచి హాపర్ దగ్గర ఉన్నాడు. గేటు మోటారుకు దర్గా నుంచి తెచ్చిన తాయెత్తు ఒకటి కట్టుకున్నాడు. "ఇది దేనికి భాయ్, మోటారుకు దయ్యం పడతదా?" అంటే, "దయ్యానికి గాదు సాబ్, కరెంటోళ్లకు" అనేవాడు. గుమ్మడికాయనూ తాయెత్తునూ నేను ఒకే గాటన కట్టేవాణ్ణి. యజమానీ భాయ్ ఇద్దరూ నన్ను చూసి ఒకే రకంగా నవ్వేవాళ్లు.

పెత్రమాస వచ్చింది, బతుకమ్మ మొదలయ్యే అమావాస్య. బతుకమ్మ పేర్చుకోవాలని అక్క మధ్యాహ్నమే తంగేడు పూల సంచీతో వెళ్లిపోయింది. యజమాని హాపర్ నింపించి, గేటుకు పసుపు రాయించి, గుమ్మడికాయ పగలగొట్టించి ఇంటికి వెళ్లాడు. నేనూ కిష్టారెడ్డిపేటలోని మా కిరాయి ఇంటికి షేర్ ఆటో ఎక్కాను. భాయ్ ఒక్కడే మిగిలాడు. ఆ తర్వాత అక్కడ ఏం జరిగిందో మర్నాడు నేను దిగే ముందు ఎవరూ చెప్పలేదు.

పొద్దున నిచ్చెన దగ్గర అడిగాను.

"భాయ్, కింద ఏమన్న తీసినవా?"

"అమాస గద సాబ్. ఎట్ల తీస్త?"

అది జవాబు కాదని ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు జవాబుగానే వినబడింది. అమావాస్య అనే మాటే హామీ పత్రంలా పనిచేసింది.

పైన పొడి చదునుగా, లేత బూడిద రంగులో, అలికిన వాకిలిలా ఉంది. అంచు పట్టుకుని ఒక కాలు పెట్టాను. గట్టిగా ఉంది. రెండో కాలు పెట్టి అంచు వదిలాను. గొట్టం గుచ్చుదామని వంగాను. చప్పుడు కూడా లేదు. నా కింద నేల ఒక పలకలా వాలింది, నేను నిలువునా దిగిపోయాను. పైనుంచి ఇంకో పలక విరిగి పక్కలకు జారి నా చుట్టూ నిండింది. దుమ్ము కమ్మింది. కళ్లు తెరిచేసరికి ఛాతీ దాకా పొడిలో ఉన్నాను. చేతులు పైన ఉన్నాయి. కాళ్లు ఎక్కడున్నాయో తెలియలేదు, దేనికీ ఆనడం లేదు.

కేక పెడదామని ఊపిరి వదిలాను. అది తప్పు. ఛాతీ కుంగిన మేరకు పొడి లోపలికి వచ్చి కూర్చుంది. మళ్లీ గాలి పీల్చబోతే అంత జాగా లేదు. ముతక ఇసుకలో గింజల మధ్య సందులుంటాయి, కొంత కదులుతుంది. ఈ పొడి నేను వదిలిన ప్రతి సందులోకీ వచ్చి అక్కడ అంటుకుపోయింది. పోయిన జాగా మళ్లీ రాదు. చిన్న చిన్నగా, పైపైన ఊపిరి తీసుకోవాలని అర్థమైంది. అట్లా ఎంతసేపు బతకవచ్చో లెక్క తెలియదు.

ముందు అక్క మొహం కనిపించింది అంచు మీద.

"అయ్యో సార్! బతికున్నవా?"

"ఉన్న. మెల్లగ మాట్లాడు. పలకలు రాలుతయ్."

నా ఎడమ పక్క ఇంకా విరగని కప్పు ఉంది. నా తల కంటే ఎత్తున, ఏ ఆధారమూ లేనట్టు నిలబడి ఉంది. ల్యాబ్ పెట్టెలో నేను కొలిచిన పట్టు అదే. కళ్ల ముందు నిలబడింది.

యజమాని పరుగెత్తుకొచ్చాడు. వెనక భాయ్. ఇద్దరూ నిచ్చెనెక్కారు.

"కదలకండి మాస్టారూ! నేనున్నాను. కింద గేటు తీయిస్తాను. మట్టి దిగుతుంది, దాంతో పాటు మీరూ మెల్లగా అడుక్కి దిగుతారు."

చిన్నప్పుడు సంగారెడ్డిలో మాకు ఆదివారం వాదనలు నేర్పిన పెద్దమనిషి ఒకాయన ఉండేవాడు. మూఢనమ్మకాల మీద ఊరూరూ తిరిగి మాట్లాడేవాడు. ఆయన నియమం ఒకటే. ఎదుటివాడి మాట ముందు నీ నోటితో చెప్పు. వాడు ఔనన్నాకే జవాబివ్వు. ఆ వాదనలు మేం చాపల మీద కూర్చుని చేశాం. ఇక్కడ ఊపిరి లేదు. అయినా ఆ పద్ధతే పనికొచ్చింది, ఎందుకంటే దానికి చిన్న వాక్యాలు చాలు.

"మీరనేది... కింది మట్టి పోతే... నేను బయటపడ్త. గంతేనా?"

"అంతేనండీ."

"పోయేది... నా కాళ్ల కిందిది. నేను దాని ఎన్క పోత. ఈ పక్క కప్పు... నా నెత్తి మీద పడ్తది. గేటు ముట్టకుండ్రి."

ఆయన ఆ కప్పు వైపు చూశాడు. గేటు మాట ఆగింది.

"అయితే తాడేసి లాగుదాం."

తాడు వచ్చింది. చంకల కింద వేసుకున్నాను. ఇద్దరూ లాగారు. నడుము దగ్గర నుంచి పైకి తెగిపోతానేమో అనిపించింది. ఒక్క వేలెడు కూడా రాలేదు. నా ఒంటి చుట్టూ ఉన్న ప్రతి గింజా నా బట్టలను, ఒకదాన్నొకటి పట్టుకుని ఉంది. తాడు వదలమన్నాను.

"నిన్న గుమ్మడికాయ ఒక్క దెబ్బకు పగల్లేదండీ," అన్నాడు యజమాని, ఎవరితోనో అన్నట్టు. "రెండోసారి కొట్టాల్సి వచ్చింది. నాకప్పుడే మనసులో అదోలా అనిపించింది. ఇన్నేళ్ల నుంచి చేస్తున్నాం, ఎప్పుడైనా ఏమైనా అయిందా?"

"గుమ్మడికాయ ముచ్చట తర్వాత జెప్పుకుందం గని," అక్క కసిరింది, "ముందుగాల మనిషిని తీయుండ్రి సారు."

నేను కళ్లు మూసుకుని ల్యాబ్‌లో ఉన్నాననుకున్నాను. నేల లోపలి నుంచి మట్టిని చెదరకుండా తీయాలంటే ఏం చేస్తాం? ఇనుప గొట్టం ఒకటి మట్టిలోకి నొక్కుతాం. గొట్టం బయటి మట్టి బయట ఆగుతుంది, లోపలిది లోపల ఉంటుంది. ఇప్పుడు లోపలి నమూనాను నేనే.

"యార్డుల... అడుగు ఊడిన డ్రమ్ము ఉంది. పై మూత గూడ... కోసెయ్యుండ్రి. నా మీద నుంచి... దించుండ్రి."

భాయ్ దిగి పరుగెత్తాడు. కోత యంత్రం అరుపు వినిపించింది. డ్రమ్ము పైకి వచ్చింది. ఇక దాన్ని నా మీదకు దించి, పక్కల అదుముతూ లోపలికి దిగేలా చేయాలి. అంటే ఎవరో ఒకరు పొడి మీదకు రావాలి.

ఇక్కడే నాకొక సమాధానం కావలసి వచ్చింది. నేను పడింది లోపల ఉన్న గుహ మొత్తమా, అందులో ఒక మూలా? ఏమీ తీయకపోతే ఎక్కడో ఒక చిన్న వెలితి ఏర్పడి ఉంటుంది, మిగతాది గట్టి. చాలా తీసి ఉంటే ఎడమ పక్క కప్పు కింద అంతా ఖాళీ. దాని మీద అడుగు పెట్టినవాళ్లు పడతారు, పడి నన్ను పూడుస్తారు.

"భాయ్... నిన్న తీసినవా?"

"లేదు సాబ్."

మోటారు ఎప్పుడు ఆగినా, జల్లెడ ఎప్పుడు చిరిగినా ఉన్నదున్నట్టు చెప్పే మనిషి. నా వైపు చూడలేదు. యజమాని వైపు చూశాడు. ఒట్టు వేయమని అడగలేదు నేను. ఒట్ల మీద నాకు నమ్మకం లేదు. ఉన్నా అంత ఊపిరి లేదు.

"భాయ్ బరువండీ," అన్నాడు యజమాని. "అమ్మా, నువ్వు తేలిగ్గా ఉంటావు. నువ్వు దిగి డ్రమ్ము పట్టుకో."

అక్క చీర కుచ్చిళ్లు ఎగదోపింది. కాలు అంచు దాటించింది. ఎడమ పక్కనే. ఆమె పాదం ఆ కప్పు మీదికి దిగుతుండటం కింద నుంచి చూస్తున్నాను. వద్దని అరవడానికి ఛాతీలో జాగా లేదు.

"అరే ఠైరో! దిగకు అక్కా, దిగకు!" భాయ్ ఆమె భుజం పట్టి వెనక్కి గుంజాడు. "కింద ఖాళీ ఉంది. నిన్న షాం, మీరంత పోయినంక, నేనే తీసిన. లారీ ఆగి ఉండె. డ్రైవర్ పరేషాన్ జేసిండు. లారీ నిండ సంచులు తీసిన. ఆ పక్కంత ఖాళీ ఉంది."

యజమాని మొదటి మాట అడిగాడు. ఎంత తీశావని అడగలేదు. ఏ పక్క నిలబడవచ్చని అడగలేదు.

"అమావాస్యనాడా?" అన్నాడు.

ఆ ప్రశ్న నాకు పొడి కంటే బరువుగా తగిలింది. ఇంతసేపూ నన్ను పట్టుకున్నది గింజల పట్టు అనుకున్నాను. ఆ పట్టు నన్ను ఆ గుహలోకి తీసుకురాలేదు. తీసుకొచ్చింది ఒక అబద్ధం. ఆ అబద్ధాన్ని భాయ్ చేత ఆడించింది ఈ ప్రశ్న. సంచులు తీయడంలో తప్పు లేదు, సంచులు తీయడమే అతని పని. తీశానని చెప్పలేకపోయాడు. ఒక మనిషి ప్రాణానికి కావలసిన కబురు పసుపు రాసిన గేటు దగ్గర ఆగిపోయింది.

యజమాని మోసుకొచ్చిన ఇంకో నిచ్చెనను హాపర్ అంచు నుంచి అంచుకు అడ్డంగా పడుకోబెట్టారు. దాని మీద చెక్కలు వేశారు. భాయ్, అక్క చెక్కల మీద బోర్లా పడుకుని, డ్రమ్మును నా చేతుల మీదుగా, తల మీదుగా దించారు. ఆకాశం లేదు, రేకుల కప్పు లేదు. గుండ్రటి తెల్లటి మూత లాంటి వెలుతురు మాత్రం పైన మిగిలింది. పొడిలో బందీగా ఉన్నవాణ్ణి ఇప్పుడు ఇనుములో కూడా బందీనయ్యాను. నా ఊపిరి చప్పుడు నాకే తిరిగొస్తోంది. వద్దు, తీసేయండి అని నోటి దాకా వచ్చింది. నేను అడిగి తెప్పించుకున్నదే అది.

అక్క మగ్గు అందించింది. ఛాతీ ముందు ఉన్న పొడిని మగ్గుతో తోడి పైకి అందించాను. వాళ్లు డ్రమ్మును అటూ ఇటూ ఆడిస్తూ కొద్దిగా నొక్కారు. మళ్లీ తోడాను. బయటి పొడి బయటే ఆగింది. తీసిన జాగా తీసినట్టే మిగిలింది. ఒక మగ్గు తర్వాత ఛాతీ నిండా గాలి పీల్చాను. ఆ ఊపిరికి దండం పెట్టాలనిపించలేదు, ఇంకో మగ్గు తోడాలనిపించింది.

"ఎంతదాకా వచ్చారు?" అని యజమాని గొంతు.

"బొడ్డు దాంక," అంది అక్క. "పురుడు పోస్తున్నట్టే ఉన్నది సారు. మంత్రసానికిచ్చినట్టు నాకు చీర పెట్టాలె."

లోపల నవ్వాను. నవ్వడానికి జాగా ఉందని అప్పుడే తెలిసింది.

మోకాళ్ల దాకా ఖాళీ అయ్యాక తాడు మళ్లీ వేసుకున్నాను. లాగారు. వచ్చాను. బూట్లు రాలేదు.

మర్నాడు హాపర్ ఖాళీ చేస్తుంటే ఒక బూటు గేటు దగ్గర తేలింది. అక్క దాన్ని తెచ్చి ల్యాబ్ బల్ల మీద బోర్లించింది. లోపలి పొడి ముద్దగా దిగి నిలబడింది, మడమతో సహా, నా పాదం ఆకారంలో. మేమిద్దరం దాన్ని చాలాసేపు చూశాం. వేలితో తాకితే కూలిపోయింది.

పక్కటెముకలు కమిలాయి, విరగలేదు. కిష్టారెడ్డిపేటలో మా అంతస్తు వాళ్లంతా పలకరించడానికి వచ్చారు. అందరిదీ ఒకే మాట. దేవుడు కాపాడాడు. అడుగు ఊడిన డ్రమ్ము సంగతి చెప్పబోతే వినేవాళ్లు లేరు. ఒకాయన ఓపికగా విని, "ఆ డ్రమ్ము అక్కడ ఉండేట్టు చేసింది ఎవరు మరి?" అన్నాడు. వచ్చినవాళ్ల దయకు కొదవ లేదు. కానీ వాళ్ల కథ నా చుట్టూ రోజురోజుకీ బిగుసుకుంటుంటే మళ్లీ ఛాతీ దాకా ఉన్నట్టే ఉండేది. ఇప్పటికీ లిఫ్ట్ ఎక్కను. షేర్ ఆటోలో మనుషుల మధ్య ఇరుక్కున్నప్పుడు ఊపిరి వదలడానికి భయం వేస్తుంది, వదిలిన జాగా తిరిగి రాదేమోనని.

యూనిట్‌లో హోమం జరిగింది. భాయ్‌ని కొన్నాళ్లు రావద్దన్నారు. ఆ కొన్నాళ్లు ఇప్పటికీ అయిపోలేదు.

యజమాని దగ్గరికి వెళ్లాను. ఆయన మాట ముందు నా నోటితోనే చెప్పాను: "అమాసనాడు తీసినందుకే గిట్ల అయిందంటరు మీరు. అవునా?"

"అవునండీ."

"అంతకు ముందు అమాసకు తీయకుండ ఉంచినం. అప్పుడు గూడ పొడి బిగుసుకున్నది. గేటు కాడ సుత్తెతోని కొట్టి దించినం. యాదికుందా?"

"ఉంది. కానీ అప్పుడు ఎవరూ పడలేదు కదండీ."

"పడలేదు, ఎందుకంటే అప్పుడు భాయ్ తీయలేదని నిజం జెప్పిండు. ఈసారి నిజం జెప్పలేకపొయ్యిండు. మీకు భయపడి. ఆ భయం తీసెయ్యుండ్రి, మనిషిని గాదు."

"మాస్టారూ, ప్రాణంతో నా ముందు కూర్చుని మాట్లాడుతున్నారు. అది చాలదా మీకు?" అన్నాడు. నేను వాదనలో ఓడిపోయాను. ఆయన తెలివి తక్కువ మనిషి కాడు, చెడ్డవాడు అసలే కాడు. ఆ రోజు నిచ్చెన మోసింది ఆయనే.

భాయ్ ఇప్పుడు ఇంద్రేశం దగ్గర ఒక గోదాములో మూటలు ఎక్కిస్తున్నాడు. హోటల్ ముందు నిలబడి టీ తాగుతుంటే అడిగాను. నాతోనన్నా చెప్పవచ్చు కదా, నాకు అమావాస్య పట్టింపు లేదని తెలుసు కదా అన్నాను.

"మీకు జెప్తే మీరు దిగరు. ఎందుకు దిగలేదని ఆయన అడుగుతడు. మాట బైటికొస్తది," అన్నాడు. గ్లాసు కింద పెట్టాడు. "మీవాడు తీస్తే మర్చిపోయిండు పాపం అంటరు సాబ్. నేను తీస్తే కావాల్ననే జేసిండంటరు."

ఆ రోజు అక్కను ఎందుకు ఆపావని అడగలేదు. అది అడగవలసిన ప్రశ్న కాదు.

నేను ఇంకా అక్కడే పనిచేస్తున్నాను. ఈ చుట్టుపక్కల నాకు వచ్చిన పని ఇంకెక్కడా లేదు. హాపర్ పైన ఇప్పుడు ఇనుప జాలీ ఉంది. నేను పట్టుబట్టి పెట్టించాను. యజమాని దానికి నిమ్మకాయలు కట్టించాడు. జాలీకి తాళం ఉంది. తాళం చెవి పక్కనే మేకుకు వేలాడుతుంది. పొడుగాటి గొట్టం వచ్చింది, పైనుంచే గుచ్చి నమూనా తీస్తాను. అయినా ముందు అడుగుతాను, కొత్త ఆపరేటర్‌ను: "కింద ఏమన్న తీసినవా?"

"లేదు సార్," అంటాడు. ఎప్పుడడిగినా లేదనే అంటాడు. సంచులు కుడుతూ అక్క తల ఎత్తకుండా అంటుంది: "భాయ్ జెప్పిండు గద సార్. జెప్పినోనికి ఏమయిందో అందరు సూసిండ్రు. ఇగ ఎవ్వలు జెప్తరు?"

ఆ పొడిలో నుంచి నన్ను తీశారు. ఈ "లేదు సార్" లో నుంచి ఇంకా తీయలేదు. ఇందులో నేనొక్కణ్ణే లేను. మీ గోదాములో బియ్యం నిలవలు, మీ ఫ్యాక్టరీలో సిమెంటు, పిండిమర దగ్గర తవుడు, మీ ఇంటి పునాది కోసం తవ్విన గుంట, అన్నిటి మీదా ఎవడో ఒకడు రేపు పొద్దున అడుగు పెడతాడు, కింద ఏం లేదన్న మాట నమ్మి.

కాబట్టి ఈ కాగితం మడిచి పక్కన పెట్టకండి. రేపు పొద్దున పనిలోకి వెళ్లగానే, ఏదైనా అడ్డుపడినప్పుడు లోపలికి దిగే మనిషి ఎవరో కనుక్కోండి. అతని పక్కన నిలబడి, కింద గేటు దగ్గరున్నవాణ్ణి అడగండి: నిన్న ఏమన్నా తీశావా? తీశానంటే, ఏ రోజు తీశావని అడగకండి. ఎంత తీశావో, ఏ పక్క తీశావో అడగండి. నిజం చెప్పినందుకు అతని పని పోబోతే, పోనివ్వకండి. యజమాని గది దాకా మీరే నడవండి.